సంఘపు సర్వరు: వెల యెంత, పని యెంత?

మన సంఘముల చిట్టాలు, ఖాతాలు దస్తరముల నుండి కంప్యూటర్లలోనికి మారుట నేటి సంగతి కాదు. అయినను 2022 వ సంవత్సరము జూను 29 వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములను ఒక్కటే సాఫ్టువేరు క్రిందికి తెచ్చు పథకమును ఆమోదించిన పిమ్మట ఆ మార్పు వేగము పుంజుకొన్నది. ఇందులకు మొదట నిర్ణయింపబడిన మొత్తము 2,516 కోట్ల రూపాయలు. భాగించి చూచినచో సంఘమొక్కంటికి సుమారు 4 లక్షలు పడుచున్నది. సొమ్ము ఎవరు పెట్టినను, ఆ యంత్రము మోయునది మన ఋణఖాతాను, మన వాటాధనమును, మన ధాన్యపు తూకమును. కావున దాని వెలను, దాని పనితనమును విచారించుట కార్యదర్శి యొక్కని పని యనుకొని వాటాదారులు ఊరకుండరాదు.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు రైతులకు యంత్రములు క్రొత్తవి కావు. పాశమైలారము, బొల్లారము పారిశ్రామికవాడలలో మన బిడ్డలు పనిచేయు చోట్ల యంత్రము కొనునపుడు అడుగు ప్రశ్న యొక్కటే: గంటకెంత పని, ఆ పనికెంత ఖర్చు? బోరుబావికి మోటారు కొనునపుడు మనమును అట్లే అడుగుదుము. కంప్యూటరు దగ్గరకు వచ్చుసరికి మాత్రము, అది చదువుకొన్నవారి వస్తువని వెఱచి, చెప్పిన వెల యిచ్చి తెచ్చుకొనుచున్నాము. ఆ వెఱపు అనవసరమైనది.

సర్వరనునది వేఱొక జాతి యంత్రము కాదు. తన యెదుట కూర్చున్న మనిషి యొక్కనికే గాక, దూరము నుండి అడుగు పెక్కుమందికి ఏకకాలమున సమాధానము చెప్పు కంప్యూటరే సర్వరు. దానిలో మూడంతస్తుల సాఫ్టువేరుండును. అడుగున యంత్రమును నడపు ఆపరేటింగ్ సిస్టము. నడుమ పద్దులను భద్రపరచి అడిగినప్పుడు వెదకి యిచ్చు డేటాబేసు. పైన అప్పులు, జమలు, ఎరువుల నిలువలు, జీతములు మున్నగునవి చూచు లెక్కల సాఫ్టువేరు. ఈ మూడంతస్తులలోను కంపెనీలు వెలకమ్మునవి గలవు. మూలలిపి బహిరంగముగా నుండి, ఎవరైనను తీసికొని వాడుకొని మార్చుకొనదగినవియు గలవు. ఈ రెండవ తరగతిని ఓపెన్ సోర్సు అందురు. అడుగు అంతస్తున లైనక్సు, నడుమ పోస్ట్‌గ్రెస్, మరియాడీబీ, పైన మన బొంబాయి నగరపు ఫ్రాపే సంస్థవారి ఈఆర్‌పీనెక్స్ట్ ఇట్టివి.

విత్తనముతో పోల్చినచో ఇది సులభముగా బోధపడును. 1972 లో మన పటాన్‌చెరులో స్థాపింపబడిన ఇక్రిశాట్ క్షేత్రమునందు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యముల నమూనాలు లక్షకు పైగా జన్యునిధిలో నిలువయున్నవి. పరిశోధనకును, వంగడముల అభివృద్ధికిని కోరినవారికి వానిని ఒడంబడిక ప్రకారము పంపుదురు. తీసికొన్నవారు వానితో క్రొత్త వంగడములు పుట్టింతురు. ఓపెన్ సోర్సు సాఫ్టువేరు నడచు తీరును ఇట్టిదే. కంపెనీ సాఫ్టువేరు సంకర విత్తనము వంటిది: పంట బాగుగనే యుండవచ్చును, కాని గింజ దాచి మఱుసటి యేడు చల్లుకొను వీలు లేదు, ఏటేట అంగడికి పోవలసినదే. ఇది సంకర విత్తనమును నిందించుట కాదు. సజ్జలో దాని దిగుబడిని ప్రదర్శన మళ్లలో రైతులకు చూపినవారిలో నేనును ఒకడను. ఏది కొనుచున్నామో తెలిసి కొనవలెనని మాత్రమే నా మనవి.

ఇంగ్లీషులో “ఫ్రీ” యను మాటకు ఉచితమనియు, స్వేచ్ఛ గలదనియు రెండర్థములుండుటచే, 1983 లో గ్నూ ఉద్యమము నారంభించిన రిచర్డ్ స్టాల్‌మన్ గారు తాను చెప్పునది రెండవదని నలువది యేండ్లుగా వివరించుచునే యున్నారు. మన తెలుగునకు ఆ చిక్కు లేదు. రెండింటికి రెండు మాటలున్నవి. ఈ కారణముననే కాబోలు, 2005 లో హైదరాబాదున ఆరంభమై తెలుగులో కనబడు ఆపరేటింగ్ సిస్టమును సిద్ధపరచిన సంస్థ “స్వేచ్ఛ” యను పేరు పెట్టుకొన్నది, “ఉచితము” అని కాదు. ఈ భేదము సంఘమునకు ముఖ్యము. విత్తనము ఊరక వచ్చినను దున్నకము, ఎరువు, కలుపు, కాపు ఊరక రావు గదా. సాఫ్టువేరుకు వెల లేకపోయినను దానిని నిలుపువాడు, చెడినప్పుడు బాగుచేయువాడు, గుమాస్తాలకు నేర్పువాడు కావలెను. వారికి కూలి యుండును.

ఇక దిగుబడి మాట. రెండు వంగడములను పోల్చునపుడు ఒకే నేలలో, ఒకే తడిలో, ప్రక్క ప్రక్క మళ్లలో వేసి తూచుదుము. సర్వర్లకును అట్టి పరీక్షలు గలవు. 1988 లో అమెరికాలో ఇందులకై రెండు మండళ్లు ఏర్పడినవి. ఒకదానిని టీపీసీ యనియు, మఱియొకదానిని స్పెక్ అనియు పిలుతురు. కంపెనీలు తమ యంత్రములను పరీక్షించి ఫలితములను నియమముల ప్రకారము వీని ద్వారా ప్రకటించును. టీపీసీ వారి నియమములలో నాకు మిక్కిలి నచ్చినదొకటి గలదు: పనికి పడు వెలను కట్టునపుడు యంత్రము వెల మాత్రమే చాలదు, సాఫ్టువేరు వెలయు, మూడేండ్ల నిర్వహణ ఖర్చును కలిపి చూపవలెను. మన సంఘముల పాలకవర్గములు టెండర్లు పిలుచునపుడు ఈ యొక్క నియమము పాటించినను ఎంతో సొమ్ము మిగులును.

2007 లో జరిగిన యొక పరీక్షను చూడుడు. ఆ యేడు సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ తన సర్వరుపై పోస్ట్‌గ్రెస్ 8.2 ను నిలిపి స్పెక్ వారి పరీక్ష యొకదానికి పంపినది. సెకనుకు 778.14 పనులు జరిగినవి. అదే పరీక్షలో హ్యూలెట్ పాకార్డు యంత్రముపై ఒరాకిల్ 10 డేటాబేసు 874 పనులు చేసియుండెను. అనగా కంపెనీ డేటాబేసు నూఱు బస్తాలు పండించిన చోట బహిరంగ డేటాబేసు 89 బస్తాలు పండించినది. యంత్రములు వేఱగుటచే ఇది సరిగా ఒకే నేలలో జరిగిన పోటీ కాదు. అయినను ఇట్టి పరీక్షలో పోస్ట్‌గ్రెస్ నిలబడుట అదియే మొదలు గనుక అప్పట్లో ఎంతయో చర్చ జరిగినది. సన్ వారి ఫలితములో పని యొక్కంటికి పడిన వెల 84.98 డాలర్లు. రెండు నెలలకు, ఆగస్టులో, వారే మరల పరీక్షించి 813.73 పనులు చూపిరి. యంత్రసామగ్రి వెలయు తగ్గుటచే పనికి పడిన వెల 70.57 డాలర్లకు దిగెను. లెక్క కట్టిన యెడల మొత్తము వెల సుమారు 66,000 డాలర్ల నుండి 57,000 డాలర్లకు తగ్గినది, దిగుబడి మాత్రము పెరిగినది. డేటాబేసు మాఱలేదు, విత్తనమదే, సేద్యము మెరుగుపడినది. (ఆ సన్ కంపెనీని 2010 లో ఒరాకిల్ కంపెనీయే కొనివేసినది. వ్యాపారమున ఇట్టివి వింతలు కావు.)

ఈ ఫలితమును విడిచి, కంపెనీ డేటాబేసునకు చెల్లింపవలసిన లైసెన్సు వెల చూతము. ఒరాకిల్ వారి పెద్ద డేటాబేసునకు ఏండ్ల తరబడి ప్రకటిత ధర ప్రాసెసరు ఒక్కంటికి 47,500 డాలర్లు. వారి లెక్క ప్రకారము సాధారణ ఇంటెల్ సర్వరులో రెండు కోరులను ఒక ప్రాసెసరుగా నెంచుదురు. పదునాఱు కోరుల యంత్రమునకు ఎనిమిది లైసెన్సులు, అనగా 3,80,000 డాలర్లు. దానిపై ఏటికి నూటికి 22 చొప్పున నిర్వహణ రుసుము, 83,600 డాలర్లు. మూడేండ్లకు కూడినచో 6,30,800 డాలర్లు. పెద్ద కొనుగోలుదారులు బేరమాడి తగ్గింపు పొందుదురనుట నిజమే. మన సంఘముల వంటివి చిన్న లైసెన్సులతో సరిపెట్టుకొనవచ్చుననుటయు నిజమే. కాని పద్ధతిని గమనింపుడు. యంత్రమునకు కోరులు పెరిగిన కొలది లైసెన్సు పెరుగును. బలమైన ఎడ్లజతను కొనితెచ్చినందుకు నాగలికి అద్దె రెండింతలు చేసినట్లున్నది. పోస్ట్‌గ్రెస్‌కు ఆ బాధ లేదు. జ్ఞాపకశక్తి పెంచినను, కోరులు చేర్చినను, రెండవ యంత్రము నిలిపినను అదనముగా నెవరికిని చెల్లింపనక్కఱలేదు.

ఊరక వచ్చునది బరువు మోయునా యని సందేహించువారికి ఒక్క మాట. ప్రపంచమందు మిక్కిలి శక్తిగల 500 కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుండి అన్నియు లైనక్సు మీదనే నడచుచున్నవి. మన సంగారెడ్డి చేరువ కందిలోని ఐఐటీలో నిలిపిన పరమ్ సేవ యను మహాకంప్యూటరు, సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు చేయగలదనబడునది, లైనక్సు యంత్రమే. ఇక్రిశాట్ వారు తమ పరిశోధన వ్యాసములను లోకమునకు అందించు భాండారము ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయము వారి ఈప్రింట్స్ అను బహిరంగ సాఫ్టువేరుపై నడచుచున్నది. మన బిడ్డలలో చదువుకొన్నవారు కంది తెగులును గూర్చి అందు వెదకి చదువవచ్చును. రుసుము లేదు.

ఇంత శక్తి మన సంఘమునకు కావలెనా? ఇచ్చట కొంచెము నిలిచి లెక్క చూచుకొందము. కొనుగోళ్ల కాలమున, మిక్కిలి రద్దీ దినమున, ఒక సంఘమున 300 పద్దులు పడుననుకొందము. ఆఱు గంటల పనిలో అది నిమిషమునకు ఒక్కటి కూడ కాదు. జిల్లాలో నూఱు సంఘములు ఒకే నిమిషమున ఒక్కొక్క పద్దు వ్రాసినను సెకనుకు రెండు లేవు. దేశమందలి 63,000 సంఘములును అట్లే వ్రాసినచో సెకనుకు 1,050 అగును. స్పెక్ వారి “పని” యు, మన “పద్దు” ను ఒకటే తూకము కావు గాని, 2007 నాటి యొక మధ్యరకపు సర్వరు చేసిన పని ఎంతటిదో ఇందువలన ఊహింపవచ్చును. ఇంతకంటె ఎన్నో రెట్లు వడిగల యంత్రములు నేడు సాధారణపు టంగళ్లలో దొరకుచున్నవి. కావున ఒంటరి సంఘమునకు ఎక్కువ కోరుల సర్వరు కావలెనని చెప్పు వర్తకుని మాట వినుటకు ముందు, మా పద్దులెన్ని, సెకనుకెన్ని యని ఆతనిచేతనే లెక్క వేయింపుడు.

అట్లయిన కంప్యూటరు ఎదుట గంటల కొలది నిలువబడవలసి వచ్చుట యేల? 2024 లో రాష్ట్ర ప్రభుత్వము పంట ఋణముల మాఫీని జూలై 18, జూలై 30, ఆగస్టు 15 తేదీలలో మూడు విడతలుగ ప్రకటించినపుడు, తమ పేరున్నదో లేదో చూచుకొనుటకు రైతులు తిరిగిన తిరుగుడు మనకందఱకు జ్ఞాపకమే. ఇట్టి దినములలో అడ్డుపడునది సర్వరు కోరుల కొఱత కంటె వేఱైనదే యగుట తఱచు. ఊరికి వచ్చు ఇంటర్నెట్టు తీగ బలహీనము. లేదా పాత డిస్కు నెమ్మది. లేదా వెదకుటకు వీలుగ సూచిక వేయక సాఫ్టువేరు వ్రాసినవాడు ఒక్క పేరు కొఱకు ఖాతాలన్నియు తిరుగవేయును. పట్టా పుస్తకమునందొక పేరు, ఆధారునందొక పేరు ఉన్నచో ఎంతటి యంత్రమును కలుపజాలదు. వీనిలో రెండవ, మూడవ వానిని స్వల్పధనముతో సరిచేయవచ్చును: జ్ఞాపకశక్తి పెంచుట, పాత డిస్కు తీసి నూతన తరహా డిస్కు పెట్టుట, సూచిక వేయించుట. నాలుగవది మనుష్యుల పని. బావిలో నీరు మాఘమాసమున కొలిచి వేసవికి నమ్మినట్లు, వర్తకుడు ఖాళీ దినమున చూపిన వేగమును నమ్మరాదు. తూకముల కాలమున, మధ్యాహ్నము పదునొకండు గంటలకు, చూపుమనుడు.

కరెంటు ఖర్చును మఱచుచున్నాము. 200 వాట్లు తినుచు రేయింబవళ్లు నడచు సర్వరుకు ఏటికి 1,752 యూనిట్లు కావలెను. యూనిటు 10 రూపాయల లెక్కన వేసికొన్నను 17,520 రూపాయలు. 60 వాట్ల చిన్న యంత్రమైనచో 5,256 రూపాయలతో సరి. కరెంటు పోయినపుడు నిలుపు బ్యాటరీయు, మూడు నాలుగేండ్లకొకమారు దాని మార్పిడియు వేఱు. కేంద్ర పథకమునందు సాఫ్టువేరు దూరమునున్న ఉమ్మడి సర్వర్లపై నుండుటచే సంఘములో పెద్ద యంత్రము నిలుపు భారము తప్పినది. ఇది మంచి పద్ధతి యని నా యభిప్రాయము. అయితే ఆ పథకము 2022-23 మొదలు 2026-27 వఱకు అయిదేండ్లకని ఏర్పడినది. ఆ పైని ఏటేటి ఖర్చు ఎవరిపై పడునో మహాజన సభలో అడిగి వ్రాయించుకొనవలసిన సంగతి.

వెలను గూర్చి యింత చెప్పితిని గాని, అన్నిటికంటె పెద్ద ఖర్చు ఏ ధరల పట్టికలోను కనబడదు. అది విడిచి వచ్చు ఖర్చు. నేనెఱిగిన యొక సంఘము, పేరుతో పనిలేదు, ఒక వర్తకుని లెక్కల సాఫ్టువేరు వాడుచుండెను. ఏటి రుసుము రెండింతలు చేయగా, మఱియొకరి వద్దకు పోవుదుమని పాలకవర్గము తీర్మానించినది. అప్పుడు వర్తకుడు, మీ పద్దులు మీవే, కాగితముపై ముద్రించి యిత్తును, కంప్యూటరు చదువు రూపమున ఇచ్చుట ఒడంబడికలో లేదనెను. గుమాస్తాలిద్దఱు మూడు నెలలు కూర్చుండి పద్దులన్నిటిని మరల ఎక్కించిరి. ఆ యేటి ఆడిటు ఆలస్యమయ్యెను. క్రొత్త అప్పులు ఆగి, కొందఱు విత్తనముల కాలమున షావుకారు ఇంటికి పోయిరి. నూటికి రెండు మూడు వడ్డీ కట్టిన ఆ రైతులకు పడిన నష్టమును సాఫ్టువేరు ఖర్చుగ ఎవరు వ్రాసికొనిరి?

కేంద్ర పథకమునందును ఈ చిక్కు తెలియక పోలేదు. అంతకు ముందే కంప్యూటర్లు పెట్టుకొన్న సంఘములకు 50,000 రూపాయల చొప్పున తిరిగి యిత్తురు. కాని వారి సాఫ్టువేరు 2017 ఫిబ్రవరి 1 తరువాత ప్రవేశపెట్టినదై యుండవలెను, యంత్రములు నిర్ణీత ప్రమాణమున కుండవలెను, ఉమ్మడి సాఫ్టువేరుతో కలియుటకో దానినే స్వీకరించుటకో ఒప్పుకొనవలెను. ముందుగ మేలుకొన్నవారికి, ఎన్నుకొన్న సాఫ్టువేరు కలుపుకొన వీలుగ నుండినదా లేదా యనునదే పెద్ద ప్రశ్న యైనది.

బహిరంగ సాఫ్టువేరులో విపత్తులు లేవని చెప్పను. లైనక్సులో సెంటాస్ అను రకమును లోకమంతట సర్వర్లపై ఉచితముగ వాడుచుండిరి. దాని ఎనిమిదవ కూర్పునకు 2029 వఱకు మరమ్మతులు వచ్చునని నమ్మియుండగా, దానిని చూచు రెడ్ హాట్ కంపెనీ 2020 డిసెంబరులో, 2021 తుదితో ఆపివేయుదుమని ప్రకటించినది. ఎందఱో కలతపడిరి. కాని మూలలిపి బహిరంగము గనుక, 2021 లోనే ఆల్మాలైనక్సు, రాకీలైనక్సు అను రెండు కూర్పులు వేఱువేఱు చేతులలో పుట్టి ఆ చోటును పూరించినవి. పద్దులు పోలేదు, గుమాస్తాలు తిరుగ నేర్వలేదు. మూసిన సాఫ్టువేరు యజమాని ఇట్లే చేతులెత్తియుండినచో విత్తనము మన గాదెలో లేకుండెడిది.

మఱియొక ప్రక్క కూడ చెప్పవలెను. మన సంగారెడ్డిలోని జిల్లా కేంద్ర బ్యాంకు వంటి సంస్థలకు, రోజుకు లక్షల పద్దులు నడచు చోట, అర్ధరాత్రి చెడినను తక్షణము వచ్చి బాధ్యత వహించు కంపెనీ కావలెను. అట్టి బాధ్యతకు వెల యిచ్చుట వృథా కాదు. ఆ బాధ్యత బహిరంగ సాఫ్టువేరుపైనను కొనవచ్చును. రెడ్ హాట్ వంటివారు జీవించునది ఆ చందాలపైననే. 2019 లో ఆ కంపెనీని ఐబీఎం వారు 3,400 కోట్ల డాలర్లకు కొనిరన్న, ఊరక పంచు విత్తనమునకు చేయు సేద్యములో ఎంత యాదాయమున్నదో తెలియును. చిన్న సంఘము మాత్రము దగ్గఱలోని పనివానిని చూచుకొనుట మేలు. పటాన్‌చెరు చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలలో లైనక్సు, పోస్ట్‌గ్రెస్ నేర్చిన పిల్లలు మన యిండ్లలోనే యున్నారు. నాలుగైదు సంఘములు కూడి ఒకనికి జీతమిచ్చినచో సహకారమనుమాటకు అర్థము కలుగును.

2015 లో కేంద్ర ప్రభుత్వము తన కార్యాలయములకు ఒక విధానము ప్రకటించినది: సాఫ్టువేరు కొనునపుడు బహిరంగ సాఫ్టువేరును తప్పక పరిశీలించవలెను, సరఫరాదారు దానిని విడిచిపెట్టినచో కారణము వ్రాసి చూపవలెను. అది సంఘములకు నేరుగ వర్తింపకపోయినను, మన టెండరు కాగితములో అదే వాక్యము చేర్చుకొన నెవరు వలదనరు. దానితో కూడ, ఒడంబడిక ముగియునాడు పద్దులన్నిటిని ఇతర కంప్యూటరు చదువగల రూపమున, రుసుము లేక, ఇన్ని దినములలో అప్పగించెదనని వర్తకునిచే వ్రాయింపవలెను.

నకళ్ల మాట తుదకు మిగిలినది. ప్రతి రాత్రి నకలు తీయుచున్నామని కార్యదర్శులు చెప్పుదురు. అది నిజమే కావచ్చును. ఆ నకలునుండి ఖాతాలను తిరిగి నిలిపి చూచిరా యని అడుగుడు. యాసంగి కొనుగోళ్లకు ముందొక ఆదివారము, వేఱొక పాత కంప్యూటరుపై పోస్ట్‌గ్రెస్ నిలిపి, శనివారపు నకలును దానిలోనికి ఎక్కించి, నలుగురు వాటాదారులు తమ పాసుపుస్తకములు తెచ్చి పద్దులు సరిచూచుకొనవచ్చును. దీనికి లైసెన్సు వెల లేదు, పూట పని మాత్రమే.